అరచేతి గ్రాహకము, ఆకాశపు చిత్రము

భీమ్‌గల్, కమ్మర్‌పల్లి, ఆర్మూరు ప్రాంతములలో గల్ఫు దేశములకు పోయిన మనిషి లేని వీధి అరుదు. దుబాయి, మస్కట్టు, దోహా అను పేర్లు అక్కడి ముసలివారికి సైతము బోధన్, బాసర అన్నంత సుళువుగా నోట పలుకును. ఆ దోహా రాజధానిగా గల ఖతరు దేశము 2018 నవంబరు 15వ తేదీన ఒక ఉపగ్రహమును ఆకాశమునకు పంపించెను. దానిని నిర్మించినది జపానుకు చెందిన మిత్సుబిషి ఎలక్ట్రిక్ సంస్థ. మోసికొని పోయినది అమెరికావారి ఫాల్కన్-9 రాకెట్టు. పేరు ఎస్‌హెయిల్-2. అరబ్బులు సుహైల్ అని పిలుచు నక్షత్రము పేరే అది. ఆ నక్షత్రమే మన అగస్త్యుడు. అగస్త్యోదయముతో నీళ్లు తేటపడునని మన కవులు తరతరములుగా వర్ణించిన చుక్క పేరు, ఎడారి దేశమువారి యంత్రమునకు వచ్చి చేరుట విచిత్రముగ నుండును.

ఆ ఉపగ్రహము ముఖ్యముగా టెలివిజన్ వ్యాపారము కొరకు పుట్టినది. అయినను దానిలో ఒక మూల, వ్యాపారముతో నిమిత్తము లేని రెండు చిన్న గదులు కలవు. ప్రపంచమందలి ఔత్సాహిక రేడియో మిత్రులు, అనగా 'హామ్'లు, తమలో తాము మాట్లాడుకొనుటకు ఒకటి. తాము స్వయముగా తీసిన చిత్రములను ఒకరి కొకరు పంపుకొనుటకు మరియొకటి. ఖతరు ఔత్సాహిక రేడియో సంఘము, జర్మనీలోని ఆమ్‌శాట్ సంఘము కలిసి సాధించిన ఫలితమిది. 2019 ఫిబ్రవరిలో ఆ గదుల తలుపులు తెరచిరి. అంతకుముందు ఔత్సాహికుల ఉపగ్రహము లెన్నో తిరిగినవి గాని, అవి యన్నియు ఉదయించి అస్తమించునవే. ఆకాశమున ఒక్కచోట కదలక నిలిచియుండి వారికి ఉపయోగపడుచున్న మొదటి సాధనము ఇది. దీని వెలుగు బ్రెజిల్ నుండి థాయిలాండు వరకు పడును. ఆ వెలుగులో భీమ్‌గల్ కూడ ఉన్నది.

ఉన్నదని చెప్పుట సులభము; ఎక్కడ వెదుకవలెనో చెప్పుటయే లెక్క. ఎస్‌హెయిల్-2 భూమధ్యరేఖకు పైన, తూర్పు రేఖాంశము 25.9 డిగ్రీల వద్ద నిలిచియున్నది. భీమ్‌గల్ సుమారు 18.7 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశమున ఉన్నది. ఈ అంకెలతో పదవ తరగతి త్రికోణమితి తెలిసిన విద్యార్థి కొంత ఉపాధ్యాయుని సాయము పొంది లెక్క వేసినచో ఫలితము ఇట్లు వచ్చును: సరిగా పడమర నుండి 14 డిగ్రీలు దక్షిణమునకు తిరిగి, దిగంతము నుండి సుమారు 27 డిగ్రీలు తల ఎత్తి చూడవలెను. అక్కడికి దూరము దాదాపు 38,800 కిలోమీటర్లు. దోహాలో నున్న కూలికి అదే ఉపగ్రహము 49 డిగ్రీల ఎత్తున ఉండును. తండ్రి అక్కడ, కొడుకు ఇక్కడ, చూపు కలియుచోటు ఒకటే.

27 డిగ్రీలనగా ఎంత? పడమటి దిక్కున 10 మీటర్ల ఎత్తు గల వేపచెట్టు ఉన్నదనుకొందము. దానికి 19 మీటర్ల లోపల నిలిచినచో చెట్టు అడ్డము వచ్చును. ఇంకను వెనుకకు జరిగినచో రాదు. లింబాద్రి గుట్టకు తూర్పున, దాని పాదములకు మరీ ఆనుకొని యున్న ఇండ్లకు తప్ప ఊరిలో తక్కినవారికి గుట్ట వలన బాధ లేదు. ఇక ఇండ్ల మీద నేడు కనబడు డిష్షులన్నియు ఆగ్నేయము వైపో దక్షిణము వైపో మొగము పెట్టియుండును. చందా కట్టుట మానివేసిన ఇంటి పైకప్పు మీద తుప్పు పట్టుచున్న ఆ పళ్లెమును పడమటికి త్రిప్పుట, ఈ కథలోని మొదటి పని.

చిత్రములు పట్టు యంత్రమును ఇంటిలో చేసికొను అలవాటు టెలివిజనుతో పాటే పుట్టినది. 1926 జనవరి 26న జాన్ లోగీ బెయిర్డు లండనులో పండితుల ఎదుట తన యంత్రమును చూపెను. 1929 నుండి 1935 వరకు బి.బి.సి. వారు ఆయన పద్ధతిలో చిత్రములను ప్రసారము చేసిరి. ఒక్కొక్క చిత్రమునకు 30 గీతలు మాత్రమే. క్షణమునకు పండ్రెండున్నర చిత్రములు. వాటిని చూచుటకు 30 చిల్లులు సర్పిలముగ పొడిచిన ఒక రేకు చక్రము, ఒక నియాన్ దీపము, చక్రమును త్రిప్పుటకు ఒక చిన్న మోటారు చాలును. ఆ చక్రపు ఊహ 1884లో జర్మనీ విద్యార్థి పాల్ నిప్కోవుది. ఇంగ్లండులో బడిపిల్లలు, గుమాస్తాలు ఆ చక్రములను తామే కోసికొని చిల్లులు పొడిచికొనిరి. కనబడు చిత్రము తపాలా బిళ్ల కన్న పెద్దది కాదు. అది మనిషి మొగమో కాదో పోల్చుటకు కొంత భక్తి కూడ కావలసియుండెను. అయినను తమ చేతులతో చేసిన యంత్రములో చిత్రము కదలుట చూచిన వారి ఆనందమే 1949లో బ్రిటిష్ ఔత్సాహిక టెలివిజన్ సంఘముగా రూపొందెను. ఆ సంఘము నేటికిని పని చేయుచున్నది. దాని పేరు మరల రాగలదు.

మన వైపు కథ వేరు దారిన నడచెను. ఢిల్లీలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఆరంభమైనను, తెలుగు పల్లెలకు అది దేవలోకపు మాటగనే మిగిలెను. ఆ దూరమును ఒక్క గంతులో దాటవలెనని సంకల్పించినవాడు విక్రమ్ సారాభాయి. పట్టణమునకొక స్తంభము చొప్పున నాటుకొనుచు పోయినచో పల్లె వంతు వచ్చుటకు తరములు పట్టునని, ఆకాశము నుండి నేరుగ పల్లె నడిమికే చిత్రమును దించవలెనని ఆయన వాదము. 1969లో అమెరికా అంతరిక్ష సంస్థతో ఒడంబడిక కుదిరినది. 1971 డిసెంబరులో ఆయన కన్ను మూసెను గాని సంకల్పము ఆగలేదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, సరిగా ఒక సంవత్సరము, ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా టెలివిజన్ వచ్చెను. 'సైట్' ప్రయోగమని దానికి పేరు. ఆంధ్రప్రదేశము ఆ ఆరింటిలో ఒకటి.

ఆ యంత్రములను చేసినది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. కర్మాగారము. పళ్లెము వ్యాసము 3 మీటర్లు. దానిని రేకుతో చేసినచో బరువు, ఖర్చు, గాలి దెబ్బ అన్నియు పెరుగును. అందువలన మన ఇంజనీర్లు కోళ్లగూటికి వాడు తీగెల వలను ఎంచుకొనిరి. నవ్వవలసిన పని లేదు. ఉపగ్రహము పంపిన తరంగము పౌనఃపున్యము 860 మెగాహెర్ట్జ్. అనగా తరంగపు పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. ఆ పొడవుతో పోల్చినపుడు వల కన్నులు ఎంతో చిన్నవి గనుక తరంగమునకు వల కూడ నున్నని అద్దమే. కోడిపిల్ల దూరజాలని కంత అలకు కనబడనే కనబడదు. ఈ ఒక్క ఉదాహరణతో భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు తరంగదైర్ఘ్యమును గూర్చి ఒక పూట పాఠము చెప్పవచ్చును.

కార్యక్రమములు దినమునకు సుమారు నాలుగు గంటలు. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు. ఒకే చిత్రమునకు రెండు ధ్వని దారులుండుట వలన ఒకే బొమ్మను తెలుగు పల్లెలో తెలుగున, కన్నడ పల్లెలో కన్నడమున వినగలిగిరి. బడిపంతుళ్లకు ఇందు ప్రత్యేకమైన వంతు ఉండెను. ప్రాథమిక పాఠశాలలలో విజ్ఞానశాస్త్ర బోధన గూర్చి సుమారు 50,000 మంది ఉపాధ్యాయులకు ఈ దారినే శిక్షణ ఇచ్చిరి. జిల్లా కేంద్రమునకైనను పోవుటకు బస్సు దొరకని పంతులు తన ఊరి బడిలోనే కూర్చుండి శిక్షణ పొందుట ఆనాటికి చిన్న విషయము కాదు.

ఆ సంవత్సరముననే, ఎవరును పిలువని ఒక ప్రేక్షకుడు ఈ పల్లె కార్యక్రమములను చూచెను. ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణమున స్టీవ్ బిర్కిల్ అను బి.బి.సి. ఇంజనీరు ఉండెను. ఆయన ఔత్సాహిక రేడియో మిత్రుడు కూడ. ఉపగ్రహము తన కిరణమును భారతదేశముపై గురిపెట్టి యున్నను, దీపము ప్రక్కకు చిందించు మసక వెలుగు వలె దాని అంచు ఇంగ్లండుకు కొంత తగులునని ఆయన లెక్క వేసెను. అక్కడ ఆ ఉపగ్రహము దిగంతమునకు 20 డిగ్రీల ఎత్తుననే ఉండును. స్వయముగ పళ్లెము కట్టి, స్వయముగ గ్రాహకము చేసి, 1975 చలికాలమున ఇంటి వద్దనే ఆ చిత్రములను పట్టెను. మన పల్లెల సేద్యము గూర్చి, శిశుసంరక్షణ గూర్చి పల్లెవారి కొరకు తీసిన చిత్రములు షెఫీల్డులోని ఒక ఇంటిలో కదలినవి. కొలంబోలో ఆర్థర్ క్లార్కు ఇంటికి మాత్రము ఇస్రోవారు ఒక యంత్రమును మర్యాదపూర్వకముగ పంపి బిగించి వచ్చిరి. భూస్థిర ఉపగ్రహముల ఊహను 1945లోనే ప్రకటించినవాడు గనుక ఆ గౌరవము తగినదే. బిర్కిలుకు ఎవరును పంపలేదు.

1976 జూలై 31న సంవత్సరము నిండెను. ఉపగ్రహము అమెరికావారిది, మన ఆకాశమున ఉన్నంత కాలము అరువు సొమ్మే. దానిని వారు మరల పడమటికి జరుపుకొనిరి. మరునాటి సాయంకాలము ఆ వల పళ్లెములు ఏమియు లేని ఆకాశమును చూచుచు నిలిచెను. హైదరాబాదు దూరదర్శను కేంద్రము 1977 అక్టోబరు 23న ఆరంభమైనది. ఆ స్తంభము వెలుగు అందిన పల్లెలు అదృష్టవంతములు. తక్కిన పల్లెలు మరల రేడియోకు మరలినవి.

ఇందొక తేడాను గమనింపవలెను. పల్లెలోని యంత్రమును, షెఫీల్డులోని యంత్రమును పట్టిన చిత్రము ఒకటే. పల్లె యంత్రమే మేలైనది, పెద్దది. కాని దాని మూత తెరచి చూచుటకు పల్లెలో ఎవరికిని అధికారము లేదు. తెరచినను లోపలి సంగతి చెప్పువారు లేరు. అది చెడినచో జీపులో వచ్చు మెకానిక్కు కొరకు ఎదురుచూపు. ఉపగ్రహము పోయిన నాడు అది బల్ల మీద మిగిలిన పెట్టె. బిర్కిల్ మాత్రము ఉపగ్రహము పోయిన తరువాత తన పళ్లెమును మరియొక ఉపగ్రహము వైపు త్రిప్పుకొనెను. అందుకు కావలసిన కొత్త భాగములను తానే చేసికొనెను. ఆయన ప్రకటించిన వివరములను చూచి ఇంకెందరో అట్లే చేసిరి. 'సైట్' ప్రయోగము గొప్పదనుటలో సందేహము లేదు. అంత సాహసము ఆనాడు మరి ఏ దేశమును చేయలేదు. అయినను పల్లెలకు చిత్రమును పంచిరి గాని చిత్రమును పట్టు విద్యను పంచలేదనునది నిజము. ఆ కొరత తీరలేదు. నేడు పల్లెలో ప్రతి జేబులోను చిత్రము కదలుచున్నది. మూత మాత్రము మునుపటి కంటె గట్టిగా బిగిసినది.

ఇక నేటి గ్రాహకము సంగతి. ఇంత చిన్నది ఎట్లయ్యెనో తెలిసికొనుటకు ముందు పళ్లెమును చూడవలెను. ఎస్‌హెయిల్-2 నుండి ఔత్సాహికుల చిత్రములు 10,491 మొదలు 10,499 మెగాహెర్ట్జ్ వరకు గల పట్టీలో దిగును. తరంగపు పొడవు 3 సెంటీమీటర్లకు లోపే. 60 సెంటీమీటర్ల పళ్లెము ఆ తరంగమునకు ఇరువది రెట్లు పైబడిన వెడల్పు. ఆనాటి 3 మీటర్ల పళ్లెము తన తరంగమునకు తొమ్మిది రెట్లు కూడ లేదు. పళ్లెము ఎన్ని తరంగముల వెడల్పున్నదో అంత సన్నని చూపు దానికి వచ్చును. కావున నేటి చిన్న పళ్లెము చూపు 3 డిగ్రీలు, ఆనాటి పెద్ద పళ్లెము చూపు 8 డిగ్రీలు. చిన్నది గనుక గురి సులభమనుకొనుట పొరపాటు. గురి ఇంకను జాగ్రత్తగ పెట్టవలెను. వలతో కూడ ఇక పని జరుగదు. కోళ్లగూటి కంత ఈ అలకు పెద్ద వాకిలి. అనుభవజ్ఞులు చిత్రముల కొరకు 80 లేక 90 సెంటీమీటర్ల పళ్లెమునే కోరుదురు. చిన్నది పెద్ద స్టేషనులను చూపును, బలహీనమైన వానిని చూపదు.

పళ్లెము ఎదుట కొమ్మ చివర నుండు చిన్న డబ్బాను అంగడివారు ఎల్.ఎన్.బి. అందురు. అది వచ్చిన తరంగమును బలపరచి, దాని పౌనఃపున్యము నుండి 9,750 మెగాహెర్ట్జ్ తీసివేసి, మిగిలినదానిని కేబులు తీగెలోనికి వదలును. లెక్క చూడుడు: 10,491.5 లో నుండి 9,750 పోగా 741.5 మిగులును. ఇచ్చటనే ఒక చిక్కు. అంగడిలో దొరకు సెట్‌టాప్ పెట్టెలు 950 మెగాహెర్ట్జ్‌కు దిగువన వినవు. వ్యాపార చానళ్లు అంతకు పైననే ఉండును గనుక వాటికి ఆ అవసరము రాలేదు. ఎంత ఖరీదైన పెట్టె తెచ్చి తగిలించినను ఔత్సాహికుల చిత్రము దాని కాళ్ల క్రింద నుండి జారిపోవును. పైగా ఈ చిత్రములు వ్యాపార ప్రసారముల కన్న ఎంతో ఇరుకైన దారిలో వచ్చును. పెద్ద సంస్థ క్షణమునకు రెండు మూడు కోట్ల సంకేతములను పంపుచోట ఔత్సాహికుడు మూడు లక్షల ముప్పది మూడు వేలు మాత్రమే పంపును. ఒక్కొక్కప్పుడు అందులో సగము కూడ ఉండదు. మామూలు పెట్టె దానిని గుర్తింపజాలదు.

అందువలన వారు తమ గ్రాహకమును తామే చేసికొనవలసి వచ్చెను. ఫ్రాన్సు దేశపు ఔత్సాహికుడు జీన్-పియెర్ కూర్జో 'మినిటియూనర్' అను దానిని రూపొందించెను. కర్మాగారములో తయారైన ఒక ట్యూనరు డబ్బాను తీసికొని, 144 మెగాహెర్ట్జ్ నుండి 2,450 వరకు వినగల దాని సహజశక్తిని పూర్తిగా వాడుకొని, కంప్యూటరుకు యు.ఎస్.బి. తీగెతో తగిలించుట దానిలోని కిటుకు. మొత్తము పలక అరచేతిలో ఇముడును. బ్రిటిష్ సంఘమువారు దానికి కంప్యూటరుకు బదులు రాస్ప్‌బెరీ పై అను చిన్న కంప్యూటరు పలకను జతచేసి 'రైడ్' అను గ్రాహకమును తయారుచేసిరి. దానిని టెలివిజను వెనుక తగిలించి చేతిమీటతో చానలు మార్చుకొనవచ్చును. పటములు, కార్యక్రమములు అందరికిని తెరచియే ఉంచిరి.

ఇంత బలహీనమైన సంకేతము నుండి తేట చిత్రము రావుటకు పళ్లెము కన్న గణితమే ఎక్కువ కారణము. ఉపాధ్యాయులకు పరిచితమైన ఉదాహరణముతో చెప్పవచ్చును. మార్కుల పట్టీలో ప్రతి విద్యార్థి మొత్తమును అడ్డముగను, ప్రతి పాఠ్యాంశపు మొత్తమును నిలువుగను వేసి యుంచిరి. నడుమ ఒక అంకెపై సిరా ఒలికినది. రెండు మొత్తముల సాయముతో ఆ అంకెను తిరిగి కనుగొనవచ్చును. ప్రసారములో కూడ చిత్రముతో పాటు ఇట్టి మొత్తములను వేల కొలది జతచేసి పంపుదురు. దారిలో రొద వలన చెడిన అంకెలను గ్రాహకము తానే దిద్దుకొనును. ఈ పద్ధతిలో శ్రేష్ఠమైన దానిని రాబర్టు గాలగర్ 1960 ప్రాంతమున తన పరిశోధనలో ప్రతిపాదించెను. ఆనాటి యంత్రములు దానిని మోయలేకపోవుట వలన మూడు దశాబ్దములు అటక మీద పడియుండెను. పాత టెలివిజనులో సంకేతము తగ్గిన కొలది చిత్రముపై మంచు కురిసినట్లుండెడిది. మసకగనైనను మనిషి కనబడెడివాడు. ఇందు అట్లు కాదు. చాలినంత ఉన్నంతవరకు చిత్రము నిర్మలము. రవ్వంత తగ్గినచో చిత్రమే లేదు. గురి పెట్టువారిని ఇది ఏడిపించును. సరియైన చోటికి అరడిగ్రీ ఇవతల ఉన్నను "దగ్గరపడినావు" అని చెప్పు ఆనవాలు తెరపై రాదు.

ఆ ఆనవాలు కొరకే కొత్తవారు మొదట వేరొక చిన్న సాధనమును వాడుదురు. బొటనవ్రేలంత యు.ఎస్.బి. డాంగిల్ అది. ఐరోపాలో కంప్యూటరుపై టెలివిజను చూచుటకు అమ్మిన చవుక వస్తువు. దాని లోపలి రియల్‌టెక్ చిప్పు తాను విన్నదానిని వడపోయక యథాతథముగ కంప్యూటరుకు అప్పగింపగలదని 2012లో ఔత్సాహికులు లోకమునకు చాటిరి. నాటి నుండి అది బీదవాని ప్రయోగశాల. ఎల్.ఎన్.బి. తీగెను దానికి చేర్చి 740 మెగాహెర్ట్జ్ ప్రాంతమును చూచినచో, తెరపై పట్టీ కొండల వరుస వలె కనబడును. ఉపగ్రహము ఎల్లప్పుడు పంపుచుండు గుర్తు చిత్రము వెడల్పైన కొండ. ఔత్సాహికుల చిత్రములు ప్రక్కన చిన్న గుట్టలు. పళ్లెమును కదల్చిన కొలది కొండ పెరుగుటయు తరుగుటయు కంటికి తెలియును. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఎల్.ఎన్.బి.కి 13 లేక 18 వోల్టుల విద్యుత్తు అదే తీగెలో పైకి పోవును. నడుమ దానిని ఆపు చిన్న భాగమును ఉంచక డాంగిలును నేరుగ తగిలించినచో అది కాలిపోవును.

పళ్లెము, ఎల్.ఎన్.బి. సమకూరని బడికి ఇంతకన్న సులభమైన దారి కలదు. 1958లో అమెరికా విద్యార్థి కాప్‌థార్న్ మెక్‌డొనాల్డు ఒక వింత పద్ధతిని ప్రకటించెను. చిత్రము త్వరగ రావలెనని పట్టుపట్టనిచో దానిని మాట పోవు ఇరుకు దారిననే పంపవచ్చును గదా! వెలుగును ధ్వనిగ మార్చుట దాని మూలము. 1,500 హెర్ట్జ్ ఈల నలుపు, 2,300 హెర్ట్జ్ ఈల తెలుపు, నడిమి స్వరములు నడిమి ఛాయలు. ప్రతి గీతకు ఆనవాలుగ 1,200 హెర్ట్జ్ మ్రోత. దీనిని మందగతి టెలివిజనని పిలుతురు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము నుండి కొన్ని విశేష దినములలో ఇట్టి చిత్రములను 145.8 మెగాహెర్ట్జ్‌పై పంపుచు వచ్చిరి. ఒక్కొక్క రంగుల చిత్రమునకు రెండు నిమిషములు పట్టును. కేంద్రము మన తలపై నుండి పది నిమిషములలో దాటిపోవును గనుక మూడు నాలుగు చిత్రములు చిక్కుట గొప్ప. కావలసినవి: ఆ పౌనఃపున్యము వినగల చేతి రేడియో ఒకటి, ఈలలను చిత్రముగ మార్చు కార్యక్రమము గల ఫోను ఒకటి. రేడియో ఎదుట ఫోనును పెట్టిన చాలును. ఏరియలు కొరకు 49 సెంటీమీటర్ల తీగె ముక్కలు రెండింటిని వెడల్పైన కోణములో బిగించుకొనవచ్చును. కేంద్రము సమీపించునపుడు స్వరము కొంచెము హెచ్చుగను, దూరమగునపుడు తగ్గుగను వచ్చును. రైలు కూత పాఠములోని డాప్లరు ఆకాశమున కూడ అట్లే నడచును. 2016లో ఇదే కేంద్రము నుండి టిమ్ పీక్ అను వ్యోమగామి ఇంగ్లండులోని ఒక బాలికల పాఠశాలతో మాట్లాడునపుడు ఆయన మొగము కూడ ఔత్సాహిక టెలివిజన్ ద్వారా పిల్లలకు కనబడెను.

గ్రహించుట ఇంతవరకు. తిరిగి తాము పంపవలెనన్నచో ప్రభుత్వ అనుమతి తప్పదు. కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ శాఖవారు జరుపు పరీక్షలో ఉత్తీర్ణులు కావలెను; 12 ఏండ్లు నిండిన వారెవరైనను కూర్చుండవచ్చును. విద్యుత్తు, రేడియో మూలసూత్రములు, నియమములు అందు అడుగుదురు. ఇంటరు చదువు విద్యార్థికి అది భయపడవలసిన పరీక్ష కాదు. తెలుగువారికి దగ్గరగా హైదరాబాదులో 1983లో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ వెలసెను. ఆ సంస్థ తరపున 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ నాయకత్వమున కొందరు అండమానునకు పోయి దూరదేశములతో మాటలాడుచుండగా, 26వ తేదీ ఉదయము సముద్రము పొంగెను. టెలిఫోను తీగెలు తెగినవి. వినోదము కొరకు తెచ్చిన యంత్రములే ఆ దీవులకు దిక్కైనవి. బ్రతికినవారి వార్తలు ఆ గొంతుకల ద్వారా ఒడ్డునకు చేరినవి. మరుసటి యేడు మే 5న ఇస్రోవారు ఔత్సాహికుల కొరకు 'హామ్‌శాట్' అను ఉపగ్రహమును వదలిరి. అది 2014 వరకు పని చేసెను.

తిరిగి భీమ్‌గల్ మిద్దె మీదికి వచ్చినచో, చెప్పవలసినది ఇంకొకటి మిగిలినది. ఈ విషయమున పుస్తకములు, పటములు ఎక్కువగా ఐరోపావారివి. అందు ఎల్.ఎన్.బి.ని దాదాపు నిటారుగనో కొద్ది వంపుతోనో బిగించినట్లు చూపుదురు. చిత్రముల తరంగము అడ్డముగ కంపించునదని, దానికి 18 వోల్టులు ఇవ్వవలెనని వ్రాయుదురు. రెండును నిజమే, వారి ఊరికి. ఉపగ్రహమునకు అడ్డమనగా భూమధ్యరేఖ వెంబడి అని అర్థము. ఉపగ్రహము దక్షిణముగ నున్న ఊరిలో ఆ అడ్డము అడ్డముగనే కనబడును. భీమ్‌గల్‌కు అది పడమటి అంచున వాలియున్నది. అక్కడ ఆకాశపు భూమధ్యరేఖ కుడివైపునకు నిట్రముగ దిగుచుండును. లెక్క వేసినచో వంపు 67 డిగ్రీలు. అడ్డమన్నది ఇంచుమించు నిలువై వచ్చును. పటమును చూచి నిటారుగ బిగించినవారికి కోరిన తరంగములో ఆరింట ఒక వంతు కూడ దక్కదు. గురి సరిగ నున్నను తెర నల్లగనే ఉండును. కనుక పళ్లెము వెనుక నిలిచి ఉపగ్రహము వైపు చూచుచు, ఎల్.ఎన్.బి.ని గడియారపు ముల్లు తిరుగు దిశలో 67 డిగ్రీలు త్రిప్పి, అప్పుడు మరను బిగింపవలెను. కోణమాని లేనివారు గడియారము ముఖమును తలచుకొనవచ్చును: పండ్రెండు వద్దనున్నది రెండును దాటి కొంచెము పోవలెను.